కొంగు మూలన పసుపు

వాపసు వచ్చిన చీరను ముందు వాసన చూడాలి. విప్పి చూడడం తర్వాత. ఈ సంగతి జమునకు ఎవరూ నేర్పలేదు. సూరత్ లో, పర్వత్ పాటియాలోని రెండు గదుల ఇంట్లో, వంటగది గడప మీద కూచుని రోజూ పొట్లాలు కోసీ కోసీ ఆమె ముక్కే నేర్చుకుంది. పౌడరు వాసన వస్తే ఎవరో ఫంక్షనుకు కట్టుకుని తిరిగి పంపారన్నమాట. అగరొత్తుల వాసన వస్తే పూజకు, మసాలా వాసన వస్తే దావతుకు. ఏ వాసనా లేకపోతే అది కట్టకుండానే, నచ్చక, మడత కూడా విప్పకుండా పంపిన చీర. కట్టి పంపితే కోపం వస్తుంది, కట్టకుండా పంపితే మనసు చివుక్కుమంటుంది. రెంటిలో ఏది నయమో ఇన్నాళ్ళ తర్వాత కూడా జమున తేల్చుకోలేకపోయింది.

ఆ పొద్దున ఆమె ముందున్నవి ఆఖరి పొట్లాలు. యాప్ వాళ్ళు దుకాణం మూసేశారు. దుకాణమంటే షట్టరూ తాళమూ కాదు, ఆమె భర్త పరమేశ్ ఫోనులో ఒక పేజీ. పైన బంగారు రంగులో ‘పరమేశ్ క్రియేషన్’ అని పేరు, కింద వరసగా చీరల ఫోటోలు. ఇప్పుడు అది తెరిస్తే ఎర్రటి పట్టీ, దాని మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు. రిటర్నులు మితిమీరాయి, రేటింగ్ పడిపోయింది, అందుకని అకౌంట్ బ్లాక్ చేశామని పరమేశ్ చదివి చెప్పాడు. చెప్పి ఫోనును విసిరేశాడు. అంత కోపంలోనూ మంచం మీద పరుపు చూసుకునే విసిరాడు లెండి.

నీలం చీర ఒకటి బయటికి తీసేసరికి భుజం దగ్గర పిన్నీసు అలాగే ఉంది. ఎవరో హడావిడిగా విప్పి మడతపెట్టి పంపేశారు. జమున దాన్ని తీసి పుస్తెలతాడుకు తగిలించుకుంది. అక్కడ అప్పటికే అలాంటి పిన్నీసులు గుత్తిలా ఉన్నాయి, ఊరూ పేరూ తెలియని ఆడవాళ్ళవి. మొదట్లో వాళ్ళను తిట్టుకునేది. ఒక్క పూట కట్టుకోవడానికి మా ఇంటి మీద పడతారేం, సిగ్గు లేదా అనుకునేది. ఒకరోజు తనకే నవ్వొచ్చింది. తను చేస్తున్నదీ అదే కదా. కొత్త చీర రాగానే కట్టుకోవాలి, గోడ పక్కన నిలబడాలి, పరమేశ్ ఫోటో తీయాలి, అంతే, విప్పేయాలి. సూరత్ లో తయారయ్యే రంగులన్నీ ఆమె ఒంటి మీదికి ఎక్కి దిగాయి. ఒక్కటీ సాయంత్రం దాకా నిలవలేదు. ఆ నీలం చీర ఆడమనిషి కనీసం ఒక పెళ్ళి భోజనమైనా చేసి ఉంటుంది.

మోడల్ ను పెట్టుకునే తాహతు లేని రోజుల్లో ఆ ఫోటోలన్నీ జమునవే. మెడ పైన ఉన్నదంతా కత్తిరించేసి పెట్టేవాడు పరమేశ్. ముఖం ఎందుకు తీసేశావని అడిగితే, “కొనేటోళ్ళు చీరను చూస్తరు గాని నీ ముఖం జూస్తరా?” అన్నాడు. అతను చెడ్డగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. అందుకే ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో కూడా ఆమెకు చాలాకాలం తెలియలేదు. జగిత్యాల నుంచి చెల్లెలు ఫోను చేసి, “అక్కా, యాప్ ల ఎర్రచీర ఫోటో జూసిన, గా మోచెయ్యి మీది కాలిన మచ్చ నీదే గదా?” అన్నప్పుడు మాత్రం తెలిసింది. ముఖం పోయినా మచ్చ మిగిలింది, ఎవరో ఒకరు గుర్తుపట్టారు.

పరమేశ్ ఇరవై ఏళ్ళ వయసులో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికని సూరత్ వచ్చాడు. జమున పెళ్ళయి వచ్చాక ఇంట్లోనే చీరలకు స్టోన్ లు అంటించే పని చేసింది. సాంచాల చప్పుడుకు అతని చెవి ఒకటి మందగించాక, ఎవరో ఆన్‌లైన్ ధందా గురించి చెప్పారు. ఫోనులో ఒక గురువు వీడియోలు చూశాడు, ఫీజు కట్టి కోర్సు కూడా చేశాడు. “కీవర్డ్ అనేది ఒకటుంటది, అది సక్కగ పెడితే గిరాకీ దానంతట అదే వస్తది,” అని వారం రోజులు అదే జపం. అత్త బాలవ్వ కొడుకు నోట ఆ ముక్క విని, అదేదో దేవుడి పేరనుకుని చెంపలేసుకుంది. రింగ్ రోడ్డు మార్కెట్ లో ఒక సేటు దగ్గర చీరలు తేవడం, ఫోనులో పెట్టడం పరమేశ్ పని. మిగతాది జమున పని. మిగతాది అంటే దారాలు కత్తిరించడం, ఇస్త్రీ, మడత, ఫోటో, లేబుల్, పొట్లం, కొరియర్ వాడికి అప్పగింత, వాపసు వచ్చినవి చూడడం. ఆపైన వంట, బట్టలు, అత్త మోకాళ్ళకు నూనె. బాలవ్వ గల్లీలో కూచుని అందరితో చెప్పేది, “మా పరమేశ్ ఒక్కడే నడుపుతున్నడు బిడ్డా, గంత ధందా. కోడలు ఇంట్లనే ఉంటది, దానికేం పని.”

మొదటి ఆర్డర్ మెట్‌పల్లి నుంచి వచ్చింది. ఎవరో లక్ష్మీనర్సమ్మ. జమున పుట్టిన ఊరు అక్కడికి ఎంతో దూరం లేదు. లేబుల్ మీద ఆ పేరు, ఆ ఊరు చదివేసరికి చేతులు ఆగిపోయాయి. ఆకుపచ్చ చీర, సన్నని అంచు. పొట్లంలో పెట్టబోయి, ఎందుకో లేచి వెళ్ళి పోపుల డబ్బా తెరిచింది. చిటికెడు పసుపు తడివేలితో తీసి కొంగు మూలన, లోపలి వైపు, చుక్కంత అద్దింది. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా కట్టుకోవడం వాళ్ళ ఇళ్ళల్లో లేదు. పసుపు పెట్టని బట్ట పెట్టినా పెట్టనట్టే అని ఆమె తల్లి అనేది. అది అమ్మకం సరుకు, పెట్టుపోతల చీర కాదు అని జమునకు తెలియక కాదు. చేయి వినలేదు, అంతే. మరునాటి చీరకు పెట్టకపోతే దాన్ని చిన్నచూపు చూసినట్టుంటుందనిపించి దానికీ పెట్టింది. తర్వాత ఇక అలవాటైపోయింది.

వారం పది రోజులకు ఆ లక్ష్మీనర్సమ్మ దగ్గర నుంచి అయిదు స్టార్లు, కింద ఒక మాట వచ్చాయి. పుట్టింటోళ్ళు పెట్టినట్టుంది అని రాసింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగును జమున కూడబలుక్కుని చదివింది. చదివిన ప్రతిసారీ కళ్ళు చెమర్చాయి. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత తెలుగు ఊళ్ళ నుంచి ఆర్డర్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. నిజామాబాద్, కోరుట్ల, కర్నూలు, ఎక్కడో ఉన్న పలాస. పరమేశ్ స్టార్లు చూసి తొడ చరిచాడు. “చూసినవా? కీవర్డ్ అంటే గిట్లుంటది.”

అవునేమో అనుకుంది జమున. నిజంగానే అనుకుంది. పసుపు చుక్క చూసి ఎవరైనా చీర కొంటారా? కొన్నాకే కదా చుక్క కనపడేది. మరి కొన్నవాళ్ళు మళ్ళీ ఎందుకు కొంటున్నారు, వాళ్ళ అక్కచెల్లెళ్ళకు ఎందుకు చెబుతున్నారు? చీర బాగుండి కావచ్చు. ధర తక్కువై కావచ్చు. ఫోటో బాగుండి కావచ్చు, అందులో నిలబడిన తీరు బాగుండి కావచ్చు, అయితే ఆ నిలబడింది తనే. ఇలా ఆలోచిస్తూ ఆలోచిస్తూ పప్పు మాడబెట్టిన రోజులున్నాయి. వ్యాపారం మునిగినప్పుడు ఎందుకు మునిగిందని అందరూ అడుగుతారు. నడిచినప్పుడు ఎందుకు నడుస్తోందని అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆ ఇంట్లో జమున ఒక్కతే అడిగింది, అదీ తనలో తను, పొయ్యి ముందు.

పండగల సీజన్ దగ్గరపడే వేళకు పరమేశ్ కు ధైర్యం ఎక్కువైంది. యాప్ లో యాడ్స్ పెట్టాడు. దేశమంతా అమ్మాలె, మన తెలుగోళ్ళ తానే ఎన్ని రోజులు అన్నాడు. పాత సేటు ధర దిగడం లేదని కొత్త సేటును పట్టుకున్నాడు. కొత్త మాల్ వచ్చిన రోజు జమున ఒక చీర విప్పి రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. ఏదో తేడాగా అనిపించింది. పల్చగా ఉందా, లేక చేతికే అలా ఉందా అని ఇంకొకటి తీసింది. “ఇది గా చీర కాదయ్యా,” అంది. “ఫోటో గదే, రంగు గదే, డిజైన్ గదే. చేతితోని పట్టుకుని అంత చెప్తవా, నువ్వేమన్న మిషన్వా?” అన్నాడు. ఆమె ఊరుకుంది. ఊరుకోవడం తప్పా ఒప్పా అని ఈ రోజుకీ ఆలోచిస్తుంది. గట్టిగా చెప్పేంత నమ్మకం ఆమెకే లేదు. మనిషి మాటను రోజూ తీసిపారేస్తుంటే, చివరికి ఆ మనిషే తన మాటను ముందుగా తీసిపారేస్తుంది కదా.

ఆర్డర్లు మాత్రం విరగబడి వచ్చాయి. ఆమె నడుము విరిగింది. అప్పుడే ఒక రోజు ఎవడో కొరియర్ నుంచి ఫోను చేస్తున్నానని హిందీలో మాట్లాడి, ఓటీపీ చెప్పండి దీదీ, వాపసు సరుకు ఇవ్వాలి అన్నాడు. జమున చెప్పేసింది. వాడు సరుకు ఇవ్వకుండానే ఇచ్చినట్టు ఎక్కించుకుని ఫోను ఆపేశాడు. పరమేశ్ ఆ రోజు అన్నం తినలేదు, ఆమెను తిననివ్వలేదు. “అకల్ ఉన్నదా నీకు? ఓటీపీ అంటే తాళం చెవి. భగవంతుడే దిగొచ్చి అడిగినా చెప్పొద్దు. సమజైందా?” అని నలుగురిలో అరిచాడు. సమజైంది అని తల ఊపింది. ఆ తర్వాత గల్లీలో పిల్లలు కూడా ఆమెను చూసి ఆంటీ, ఓటీపీ అని నవ్వేవాళ్ళు.

ఆ వెంటనే వాపసులు మొదలయ్యాయి. ముందు ఒకటీ అరా, తర్వాత కొరియర్ వాడు బస్తాల్లో మోసుకొచ్చి పడేశాడు. తూర్పున ఎక్కడిదో ఒక ఊరు, ఆ ఊరి అమ్మాయి కొంగు మూలకు ఫోటో తీసి పెట్టింది. మధ్యలో పసుపు చుక్క. వాడేసిన చీర పంపారు, మరక ఉంది, మోసం అని హిందీలో రాసింది. ఒక్క స్టార్. పరమేశ్ ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, ఫోను జమున ముఖం ముందు పెట్టాడు.

“ఇదేంది?”

“పసుపు.”

“ఎవరు పెట్టిన్రు?”

జమున పోపుల డబ్బా వైపు చూసింది. అతనికి అప్పటిదాకా తెలియదంటే వింతే. ఏడాదిగా ఆమె పక్కనే కూచుని ఫోనులో ఆర్డర్లు చూశాడు, పక్కన మూత తీసి ఉన్న పసుపు డబ్బా అతని కంట పడలేదు. బాలవ్వకు మాత్రం మొదటి రోజు నుంచీ తెలుసు. మంచిగ చేస్తున్నవు కోడలా, సౌభాగ్యం అని మెచ్చుకుంది కూడా. ఇప్పుడు కొడుకు ముఖం చూసి, “ఇంట్ల పెట్టుకునే పసుపు అంగట్ల సరుకుకు పెడతరానే? పాపపు పని,” అంది. జమున అత్త వైపు చూసింది. బాలవ్వ కళ్ళు దించుకుని దారాల కత్తెర వెతుక్కుంది. పాపం ముసలామె, కొడుకు కోపం ముందు ఆమె సౌభాగ్యం కూడా నిలవలేదు.

ఆ రోజు నుంచి జమున పసుపు పెట్టడం మానేసింది. పొట్లం కట్టే ముందు వేలు దానంతటదే పోపుల డబ్బా వైపు లేచేది, గుప్పిట మూసుకునేది. విచిత్రం ఏమిటంటే వాపసులు ఆగలేదు. ఇంకా పెరిగాయి. పసుపు లేని చీరలు కూడా వచ్చాయి. రంగు పోతోంది అని ఒకరు, ఫోటోలో ఒకటి, వచ్చింది ఒకటి అని ఒకరు. కారణం ఏమీ రాయనివాళ్ళే ఎక్కువ. లక్ష్మీనర్సమ్మ కూతురి కోసం ఇంకోటి తెప్పించుకుని, ఈసారి వేరే ఎవరో పంపినట్టుంది అని రాసి రెండు స్టార్లు ఇచ్చింది. అది పసుపు లేనందుకు రాసిందా, గుడ్డ మారినందుకు రాసిందా? జమునకు ఆమెకు ఫోను చేసి అడగాలనిపించింది. నంబరు యాప్ వాళ్ళు చూపించరు.

అకౌంట్ పోయాక పరమేశ్ ఎక్కడ కూచున్నా ఒకటే మాట. “మా ఇంటిదాని పసుపుతోని మునిగిన.” బమ్రోలిలో చుట్టాల ఇంట్లో పురుడు ఫంక్షనుకు వెళితే, ఒక మరిది వరస కుర్రాడు పసుపు, కుంకుమ భరిణెలు పట్టుకుని వస్తున్న జమునను చూసి, “వదినా, నా అంగికి పెట్టకు, మల్ల రిటర్న్ అయిత,” అన్నాడు. అందరూ నవ్వారు, పరమేశ్ కూడా. జమున కూడా నవ్వింది. ఇంటికొచ్చి బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చింది. ఏడుస్తూ కూడా ఆలోచన ఆగలేదు. నడిచినప్పుడు అతని దిమాగు, మునిగినప్పుడు ఆమె పసుపు. ఇదెక్కడి లెక్క? పసుపుకు ముంచే బలమే ఉంటే, తేల్చే బలం ఉండి ఉండదా? తేల్చింది పసుపు కానప్పుడు ముంచింది పసుపు ఎట్లా అవుతుంది? పోనీ, తేల్చిందీ ముంచిందీ పసుపే అనుకుంటే, ఆ ఏడాదంతా ధందా నడిపింది ఎవరు? ఇక్కడికి వచ్చేసరికి ఆమెకే భయమేసి నల్లా కట్టేసి బయటికి వచ్చింది.

ఆఖరి పొట్లాలు సర్దుతుండగా మధ్యాహ్నం పరమేశ్ రింగ్ రోడ్డు నుంచి వచ్చాడు. ముఖంలో వెలుగుంది. చెప్పులు విప్పుతూనే, “అందరూ గిట్లనే చేస్తరట,” అన్నాడు. “ఒక అకౌంట్ పోతే ఇంటిదాని పేరు మీద ఇంకోటి తెరుస్తరట. నీ ఆధార్, నీ పాన్ కార్డు, నీ ఫోన్ నంబర్. జీఎస్‌టీ కూడా నీ పేరు మీదనే. ఫోటోలు అవే, మాల్ అదే, కొత్త సేటు ఉద్దెర ఇస్తా అన్నడు. సాయంత్రం ఫారం నింపుత. ఇగ నువ్వే మాలికిన్, ఖుషీనా?”

మాలికిన్, యజమానురాలు అన్న మాట జమున చెవుల్లో కాసేపు తిరిగింది. ఖుషీ కావాలా? ఆమె పేరు మీద ఇంతవరకు ఆ కార్డులు, రేషన్ కార్డులో రెండో పేరు తప్ప ఏమీ లేవు. అట్లా అనుకుంటే సంతోషించాలి. కానీ మాల్ అదే, ఫోటోలు అవే. మళ్ళీ వాపసులు వస్తే ఆ ఎర్ర పట్టీ కింద పేరు జమునది ఉంటుంది. మోసం అని ఎవరో రాస్తే అది ఆమె పేరు కింద రాస్తారు. సేటు ఉద్దెర ఆమె పేరు మీద. అప్పుడు పరమేశ్ నలుగురిలో ఏమంటాడో ఆమెకు ఇప్పుడే వినపడుతోంది. వద్దంటే? చేతికందిన ధందాను ఆడదే కాలదన్నింది అంటారు. సరే అంటే అదొక రకం, కాదంటే ఇంకో రకం. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆమెకైతే రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి.

ఎవరితోనైనా మాట్లాడాలనిపించి రెండిళ్ళ అవతల ఉండే విజయరాణి దగ్గరికి వెళ్ళింది. విజయరాణి దోశెల పిండి రుబ్బి ఫోను మీద అమ్ముతుంది. ఆంధ్రా డాక్టర్ల ఇళ్ళకు, ఐటీ పిల్లల గదులకు ఆమె పిండే వెళుతుంది. గ్రైండరు కడుగుతూ అంతా విని, “నాకు గియ్యన్నీ తెల్వయి జమునక్క,” అంది. “నా పిండి ఒకరోజు మంచిగ పులుస్తది, ఒకరోజు పులవది. అవే మినుములు, అదే గిన్నె. చలి అంటరు, నీళ్ళంటరు, చెయ్యి గుణమంటరు. ఎందుకో నాకూ ఎరుక లేదు.”

“మరి ఎట్ల నడుపుతున్నవు?”

“మూత తీసి చూస్త. రుచి చూస్త. మంచిగ లేకపోతే ఆ రోజు ఎవ్వరికీ పంప. మా ఆయన పంపమంటడు. ఆయన చేతిల డబ్బా ఉంటే పంపుతుండె కావచ్చు. డబ్బా నా చేతిల ఉంటది.”

అంతే అంది, మళ్ళీ గ్రైండరు కడుక్కుంది. జమునకు ఏదో తేలినట్టూ ఉంది, ఏమీ తేలనట్టూ ఉంది. ఇంటికి నడుస్తూ దారిలో మాటలు కూర్చుకుంది, గుమ్మంలోకి వచ్చేసరికి మరిచిపోయింది.

సాయంత్రం పరమేశ్ మంచం మీద కూచుని తన ఫోనులో ఫారం నింపుతున్నాడు. బాలవ్వ గోడకు ఆనుకుని కూచుంది. జమున పొయ్యి మీద పప్పు పెట్టి పసుపు వేస్తోంది. ఆమె ఫోను, పరమేశ్ వాడి వదిలేసిన పాతది, పోపుల డబ్బా పక్కన ఉంది. అది టింగుమని మోగింది.

“నంబర్ వచ్చిందా?” అన్నాడు అతను, తల ఎత్తకుండా.

జమున ఫోను తీసి చూసింది. వేలికున్న పసుపు తెర మీద అంటింది. చెంగుతో తుడవబోయి మానేసింది.

“వచ్చింది.”

“చెప్పు.”

ఆమె నోరు తెరిచింది. అలవాటు కదా, పదేళ్ళుగా అతను అడగడం, ఆమె అందించడం. నీళ్ళు, టవలు, లేబుల్, నంబరు. మొదటి అంకె నాలుక మీదికి వచ్చి ఆగింది. పోపుల డబ్బా దగ్గర ఆగిన వేలిలాగే.

“ఏ సేటు గుడ్డ అమ్ముతవు?” అని అడిగింది.

పరమేశ్ తల ఎత్తాడు. “ఏంది?”

“పాత సేటుదా, కొత్త సేటుదా?”

“గా ముచ్చట ఇప్పుడెందుకే, టైం అయిపోతది. జల్ది చెప్పు.”

“గుడ్డ వేరేదని అప్పుడు చెప్పిన. నువ్వు మిషన్వా అన్నవు. నేను చెప్పింది నిజమో కాదో నాకే ఎరుక లేదు. నీకూ ఎరుక లేదు. మంచిగ నడిచింది ఎందుకో మనకు తెల్వది, మునిగింది ఎందుకో తెల్వది. ఎరుక లేకుంట నా పేరు మీద మల్ల అదే మాల్ పంపుమంటున్నవు.”

“పసుపుతోని మునిగింది, ఇంకెందుకు?”

“పసుపు మానేసినంక వచ్చిన బస్తాలు కూడ నేనే విప్పిన గదా.”

పప్పు ఉడుకు పట్టింది. బాలవ్వ, “మొగోడు అడుగుతుంటే చెప్పరాదే, ఎందుకు గింత సతాయించుడు,” అంది. కానీ ఆ గొంతులో మునుపటి గట్టిదనం లేదు. పరమేశ్ కోపం మింగి మెత్తబడ్డాడు. “నీ మంచికే గదనే. మాలికిన్ అయితున్నవు. నేను నీ దగ్గర పని చేస్త అనుకో.” ఆ మాట తనకే నచ్చి నవ్వాడు.

అతను నవ్వుతుంటే ఆమెకు జాలేసింది. అతనికీ ఏమీ తెలియదు. ఎవడో వీడియోలో చెప్పినదాన్ని పట్టుకుని ఏడాది ఈదాడు, మునిగితే చేతికి దొరికిందాన్ని పట్టుకున్నాడు. దొరికింది ఆమె. అంతకన్నా పెద్ద రహస్యమేమీ లేదేమో. భయం మాత్రం ఆమెలో అలాగే ఉంది. ఈ ధందా తన చేతిలో కూడా మునగొచ్చు. ఆ తూర్పు ఊళ్ళవాళ్ళకు పసుపు మరక, మెట్‌పల్లి వాళ్ళకు పుట్టిల్లు, ఎవరికి పెట్టాలో ఎవరికి మానాలో ఎవరు చెబుతారు? పొట్లంలో చిటికెడు పసుపు విడిగా కట్టి పెడితే? పెట్టుకునేవాళ్ళు పెట్టుకుంటారు. నిజమే, ఇన్నాళ్ళూ ఇంత చిన్న సంగతి ఎందుకు తట్టలేదు? ఎవరూ ఆమెను అడగలేదు గనక తట్టలేదు. ఇది కూడా తప్పే కావచ్చు. చేసి చూస్తే గాని తెలియదు.

“అయిపోయింది, టైం అయిపోయింది,” అన్నాడు పరమేశ్ ఫోను చూస్తూ. “మల్ల పంపిస్తున్న. ఈసారన్న చెప్పు జర.”

చేతిలో ఫోను మళ్ళీ మోగింది. కొత్త నంబరు. జమున దాన్ని ఒకసారి చదువుకుంది. పొయ్యి తగ్గించింది, మంచం దగ్గరికి నడిచింది, చెయ్యి చాపింది.

“నంబర్ చెప్పు అంటుంటే చెయ్యి చాపుతవేందే?”

“ఓటీపీ అంటే తాళం చెవి, భగవంతుడే దిగొచ్చి అడిగినా చెప్పొద్దని నువ్వే గదా నేర్పింది,” అంది జమున. “ఫోన్ ఇటియ్యి. నేనే ఎక్కిస్త.”